ఇంటి నుంచి వచ్చిన విశ్వాసం గురించి రాసుకోవడం ఎలా

పుట్టి పెరిగిన ఇంట్లోని మతం గురించి, దానితో ఇప్పుడు తమకున్న సంబంధం గురించి నాలుగు పేజీలు రాసిపెట్టుకోవాలని చాలామందికి ఏదో ఒక వయసులో అనిపిస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరు కన్నుమూసినప్పుడో, సొంత పిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టినప్పుడో, వేరే మతంవారితో పెళ్లి కుదిరినప్పుడో ఆ కోరిక బలపడుతుంది. తీరా రాయడానికి కూర్చున్నాక అది పెద్దలను ఆకాశానికెత్తే స్తోత్రంగానో, వారి మీద మోపే అభియోగపత్రంగానో తయారవుతుంది. రెండింటిలోనూ రాసినవారి విశ్వాసం ఏమిటో తెలియదు, ఆ ఇంట్లో నిజంగా ఏం జరిగేదో అంతకన్నా తెలియదు. మతం ఏదైనా, ఇప్పుడు మీరు దాన్ని పాటిస్తున్నా, వదిలేసినా, మధ్యలో ఎక్కడో ఉన్నా, ఆ రెండు గుంతల్లోనూ పడకుండా రాసుకునే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. "నేను దేవుణ్ణి నమ్ముతున్నానా?" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. దానికి వచ్చే జవాబు ఆ రోజు మీ మనసు ఎలా ఉందో చెబుతుందే తప్ప, ముప్పై నలభై ఏళ్ల మీ జీవితం గురించి ఏమీ చెప్పదు. ఆ ప్రశ్నను చివరికి ఉంచుకోండి. ఇంటి నుంచి మనకు వచ్చినదాన్ని విశ్వాసం అనే ఒక్క మాటతో పిలుస్తాం గాని, నా అంచనాలో అందులో మూడు వేర్వేరు సంగతులు కలగలిసి ఉంటాయి. ఒకటి, నేర్పిన మనిషి మీద మనకున్న నమ్మకం. రెండు, చేసీ చేసీ ఒంటికి పట్టిన అలవాటు. మూడు, ఇది నిజమని మనకై మనం ఒప్పుకున్న విషయం. ఈ మూడింటినీ విడదీసి రాయగలిగితే సగం పని అయినట్టే. విడదీయకుండా రాసినది ఎంత అందంగా ఉన్నా, తర్వాత మీరే చదువుకున్నప్పుడు పొగడ్తో తెగడ్తో అనిపిస్తుంది.

చేసిన పనులతో మొదలుపెట్టండి

మొదటి విడతలో అభిప్రాయాలను పూర్తిగా పక్కన పెట్టి, మీ ఇంట్లో మతం పేరిట జరిగిన పనులను మాత్రమే రాయండి. ఏ వేళ జరిగేవి, ఇంట్లో ఏ చోట, ఎవరి చేతుల మీదుగా, ఎవరు కూర్చునేవారు, ఎవరు నిలబడేవారు, పిల్లలను ఎప్పుడు పిలిచేవారు, ఎప్పుడు దూరంగా పంపేవారు, ప్రార్థన బయటికి వినబడేదా, పెదవుల మీదే ఉండేదా అన్నవన్నీ రాయండి. "మా ఇంట్లో భక్తి ఎక్కువ" అన్న వాక్యానికి విలువ లేదు. "ప్రార్థన పూర్తయ్యేదాకా నాన్నతో ఎవరూ మాట్లాడకూడదు, ఒకసారి ఇంటికి కబురు తెచ్చిన మనిషి కూడా గుమ్మంలోనే నిలబడిపోయాడు" అన్న వాక్యం నుంచి చదివేవారు ఆ ఇంటి భక్తిని తామే అంచనా వేసుకోగలరు.

ఈ విడతలో తప్పకుండా రాయవలసిన సంగతి శ్రమ. ప్రతి ఆచారం వెనుకా కడగడం, సర్దడం, ముందురోజే సిద్ధం చేయడం, అయ్యాక ఎత్తిపెట్టడం ఉంటాయి. ఆ పని చేసినవారు ఒకరు, ఆచారం ఎవరి పేరున జరిగిందో వారు మరొకరు కావడం చాలా ఇళ్లలో మామూలు. ఆడవాళ్లు, కోడళ్లు, ఇంట్లో పనికి కుదిరినవారు ఈ జ్ఞాపకాల్లోంచి తేలిగ్గా జారిపోతారు. ఆ పేర్లు రాసుకోకపోతే మీరు రాసేది కుటుంబ సంప్రదాయం కాదు, కుటుంబ పెద్ద గురించిన కథ అవుతుంది.

అలాగే, ఆచారం జరగని రోజు గురించి రాయండి. జబ్బు చేసినప్పుడు, ప్రయాణంలో ఉన్నప్పుడు, ఇంట్లో గొడవ జరిగినప్పుడు ఏమయ్యేది? మర్నాటికి వాయిదా పడేదా, ఎవరైనా తప్పుపట్టుకుని బాధపడేవారా, లేక ఎవరూ గమనించకుండా గడిచిపోయేదా? ఒక కుటుంబం తన ఆచారాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో అది సవ్యంగా జరిగిన వంద రోజులు చూస్తే తెలియదు, తప్పిపోయిన ఒక్క రోజు చూస్తే తెలుస్తుంది.

మనిషిని, మాటను విడదీయడం

రెండో విడతలో ఒక్కొక్క ఆచారం పక్కన, అది మీకు ఎవరి ద్వారా వచ్చిందో రాయండి. గాంధీ తన ఆత్మకథలో చిన్ననాటి భయం గురించి ఒక మాట చెబుతాడు. దయ్యాలకు భయపడే ఆ పిల్లవాడికి రంభ అనే దాది, భయం పోవాలంటే రామనామం జపించమని నేర్పింది. ఆమె చెప్పిన మందు మీదకన్నా ఆమె మీదనే తనకు ఎక్కువ నమ్మకం ఉండేదని ఆయన రాసుకున్నాడు. ఇంటి మతం గురించి రాసేవారు ఎవరైనా ఇంత స్పష్టంగా ఒక్క వాక్యం రాయగలిగితే చాలునని నాకు అనిపిస్తుంది. మనలో చాలామందికి మొదటి విశ్వాసం మనిషి మీదనే. అది తక్కువ రకం విశ్వాసమేమీ కాదు. గాంధీ విషయంలో ఆ దాది నాటిన విత్తనమే జీవితాంతం నిలిచింది. కాని నేర్పిన మనిషి మీద కోపం వచ్చినప్పుడు మతం మీద కోపం వచ్చిందనీ, ఆ మనిషి పోయినప్పుడు విశ్వాసం పోయిందనీ మనం పొరబడే ప్రమాదం ఉంది కాబట్టి, రాసేటప్పుడు ఈ రెండింటినీ వేరు చేయాలి.

అలవాటు సంగతి వేరు. టాల్‌స్టాయ్ దాదాపు యాభయ్యేళ్ల వయసులో తన మత సంక్షోభం గురించి రాస్తూ, తనకు తెలిసిన ఒక వ్యక్తి అనుభవాన్ని పేరు చెప్పకుండా ప్రస్తావిస్తాడు. ఇరవై ఆరేళ్ల వయసులో అతను వేటకు వెళ్లి, రాత్రి బసలో చిన్ననాటి అలవాటు ప్రకారం మోకరిల్లి ప్రార్థన చేసుకున్నాడు. పక్కనే గడ్డి మీద పడుకున్న అన్న అంతా చూసి, "నువ్వింకా ఇది చేస్తున్నావా?" అని మాత్రం అన్నాడు. ఇద్దరూ అంతకు మించి ఏమీ మాట్లాడుకోలేదు. ఆ రోజు నుంచి అతను ప్రార్థన మానేశాడు. అన్న వాదించి గెలిచాడని కాదు, కూలడానికి సిద్ధంగా ఉన్న గోడను వేలితో తోసినట్టు ఆ మాట పని చేసిందని టాల్‌స్టాయ్ అంటాడు. మీ జీవితంలో అలాంటి మాట ఏదైనా ఉందేమో గుర్తు చేసుకోండి. ఎవరన్నారో, ఎప్పుడన్నారో, అప్పటికే మీలో ఏం ఖాళీ అయివుందో రాయండి. మాట అన్నవారి మీద నింద వేయడం తేలిక, ఆ ఖాళీని వర్ణించడమే కష్టం.

మూడో సంగతికి వచ్చేసరికి, పుట్టుక ప్రశ్నను తప్పించుకోలేం. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడం గమనించాకే, వారసత్వంగా అందిన నమ్మకానికీ నిశ్చయమైన జ్ఞానానికీ తేడా వెతకడం మొదలుపెట్టానని ముస్లిం మత పండితుడు అల్ గజాలీ తన ఆత్మకథనాత్మక రచనలో చెప్పుకున్నాడు. బాగ్దాద్‌లోని నిజామియా విద్యాపీఠంలో పెద్ద ఆచార్య పదవిలో ఉండి, 1095లో దాన్ని వదిలి వెళ్లిన మనిషి ఆయన. ప్రశ్న వేసినంత మాత్రాన విశ్వాసం వదులుకోవలసి వస్తుందని భయపడేవారు ఆయన జీవితాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ వెతుకులాట ఆయన్ని తన మతంలోకే మరింత లోతుగా తీసుకువెళ్లింది. కాబట్టి "మరో ఇంట్లో పుట్టివుంటే నేను ఏం నమ్మేవాణ్ణి?" అనే ప్రశ్నను పేజీ మీద పెట్టి, దాని కింద నిజాయితీగా ఒక పేరా రాయండి. ముగింపు ముందే తేల్చుకుని రాయవద్దు.

పెద్దలను అడిగే తీరు

మీకు తెలిసినది అయిపోయాక పెద్దల దగ్గరికి వెళ్లండి. "ఇది ఎందుకు చేస్తాం?" అని అడిగితే చాలావరకు రెండే జవాబులు వస్తాయి: "ఎప్పటినుంచో చేస్తున్నాం" అని గాని, పుస్తకాల్లోంచో ప్రవచనాల్లోంచో విన్న కారణం గాని. దాని బదులు, "ఇది మీకు ఎవరు నేర్పారు? మొదటిసారి మీరు ఒంటరిగా చేసినప్పుడు ఏమైంది? మీ అమ్మగారు చేసినదానికీ మీరు చేసేదానికీ ఏం తేడా ఉంది? ఏది మానేశారు?" అని అడగండి. మానేసిన వాటి గురించి అడిగినప్పుడు పెద్దలు ఉత్సాహంగా మాట్లాడతారు, ఆ మాటల్లోనే సంప్రదాయం ఎలా మారుతూ వచ్చిందో బయటపడుతుంది. ఒకే సంగతిని ఇద్దరిని విడివిడిగా అడగండి. జవాబులు కలవకపోతే ఒకరిది తప్పని తీర్పు చెప్పకుండా రెండూ రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేయదలిస్తే ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి. ప్రార్థనను గాని పాటను గాని వాళ్ల గొంతులోనే భద్రపరచుకోవడం, అక్షరాల్లో పెట్టడం కన్నా ఎంతో మేలు.

"అర్థం నాకు తెలియదు నాయనా" అని వాళ్లు అన్నప్పుడు నిరుత్సాహపడవద్దు, జాలి అసలే పడవద్దు. జపాన్‌లో 1614లో క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించాక కొన్ని కుటుంబాలు రెండు శతాబ్దాలకు పైగా రహస్యంగా తమ ప్రార్థనలను నోటిమాటగా పిల్లలకు అందించాయి. 1865లో నాగసాకిలోని ఓరా చర్చికి కొందరు వచ్చి, అక్కడి ఫ్రెంచి మతగురువుకు తమ విశ్వాసాన్ని వెల్లడించారు. ఆ ప్రార్థనల్లోని లాటిన్, పోర్చుగీసు మాటలు తరాలు మారేకొద్దీ ఎంతగానో రూపు మారి, చదివేవారికే అర్థం తెలియని స్థితికి చేరాయి. 1873లో నిషేధం తొలగిపోయాక కూడా కొన్ని కుటుంబాలు చర్చిలో చేరకుండా, పూర్వీకులు చేసిన తీరులోనే ఉండిపోయాయి. అర్థం తెలిసిన మతం కన్నా, అర్థం జారిపోయినా తాతముత్తాతలు ప్రాణాలకు తెగించి కాపాడిన తీరే వారికి పవిత్రమైంది. ఇది సరైనదా కాదా అని వాదించవచ్చు. రాసేవారు మాత్రం వాదించే ముందు, ఆ విధేయత ఎవరి పట్ల అన్నది కనిపెట్టాలి.

"తరతరాలుగా" అన్న మాటను మాత్రం సరిచూడకుండా రాయవద్దు. ఆ ఆచారం చేసిన మనుషుల పేర్లు ఒక్కొక్కటిగా వెనక్కి లెక్కపెట్టండి, చాలా సందర్భాల్లో రెండు మూడు పేర్లకే ఆగిపోతారు. ఇంట్లోని ప్రార్థన పుస్తకం ఏ ఏడు అచ్చయిందో, పాత ఫొటోల్లో ఆ ఆచారం కనిపిస్తుందో లేదో, కుటుంబం ఊరు మారిన ఏడు ఏదో చూస్తే మరికొంత తేలుతుంది. అనాదిగా వస్తోందనుకున్నది తాతగారు ఒక కష్టకాలంలో మొదలుపెట్టినదని తెలియడం వల్ల దాని గౌరవం తగ్గదు. నన్నడిగితే పెరుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు దానికి ఒక కారణం, ఒక మనిషి దొరికారు.

మీ విశ్వాసం గురించి రాసే విడత

ఇప్పుడు మాత్రమే మొదట్లో దాచిపెట్టిన ప్రశ్నకు రండి. ఇక్కడ ముఖ్యమైన జాగ్రత్త కాలానికి సంబంధించినది. క్రైస్తవ వేదాంతి అగస్టీన్ 387లో మిలన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు, తన మార్పు గురించిన ప్రసిద్ధ రచనను సుమారు పదేళ్ల తర్వాత మొదలుపెట్టాడు. కథ ఎక్కడికి చేరిందో తెలిసిన మనిషి రాసినది కాబట్టి, దారిలోని ప్రతి మలుపూ ఆ గమ్యం వైపే చూపుతున్నట్టు కనిపిస్తుంది. మతాన్ని వదిలినవారి రాతల్లోనూ ఇదే దోషం తలకిందులుగా ఉంటుంది, ఐదేళ్ల వయసులోనే తమకు సందేహం కలిగిందని వారికి గట్టిగా గుర్తుంటుంది. అందువల్ల పదేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు, మొదటి పెద్ద కష్టం వచ్చినప్పుడు, ఇప్పుడు అని విడివిడిగా రాయండి. ఒక వయసు గురించి రాసేటప్పుడు తర్వాతి వయసు తెలివిని అందులోకి రానివ్వకండి. పాత డైరీలు, ఉత్తరాలు ఉంటే వాటి మాట మీ జ్ఞాపకం మాట కన్నా పైన ఉంచండి. కొత్తగా రాసే ప్రతి పేజీ మీద తేదీ వేయండి.

అగస్టీన్ దగ్గర నేర్చుకోదగిన మరో సంగతి ఉంది. తన కోసం ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించిన తల్లి మోనికాను ఆయన ఎంతో భక్తితో వర్ణిస్తాడు. అదే రచనలో, ఆమెకు చిన్నతనంలో దొంగచాటుగా ద్రాక్షసారాయి చప్పరించే అలవాటు ఉండేదనీ, ఒక పనిపిల్ల ఎత్తిపొడిచాక సిగ్గుపడి మానేసిందనీ కూడా రాస్తాడు. ఆ రెండో సంగతి ఉండబట్టే మొదటిదాన్ని నమ్ముతాం. మీ అమ్మను దేవతగా రాసిన చోట ఆమె మనిషిగా ఉన్న ఒక సంఘటన చేర్చి చూడండి.

విశ్వాసాన్ని ఉంది, లేదు అని కాకుండా, ఏ విషయంలో ఎంతవరకు అన్నట్టు రాయడం మంచిది. దేవుడు ప్రార్థన వింటాడని నమ్మకపోయినా ప్రార్థిస్తే మనసు కుదుటపడుతుందని ఒప్పుకునేవారు, మరణానంతర జీవితాన్ని నమ్ముతూనే మతగురువులను నమ్మనివారు, ఏదీ నమ్మకుండానే పండగకు ఇంటికి చేరాలని తహతహలాడేవారు ఎందరో ఉన్నారు. వీటిని వైరుధ్యాలుగా భావించి సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి. 1901, 1902ల్లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో అమెరికన్ తత్వవేత్త, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్, తన చర్చ కోసం మతాన్ని వ్యక్తి ఏకాంతంలోని అనుభూతులుగా, చేతలుగా, అనుభవాలుగా నిర్వచించుకున్నాడు. ఆ ఉపన్యాసాల విలువ ఎంత గొప్పదైనా, ఆ నిర్వచనం ఇంటిని బయటే నిలబెడుతుంది. నలుగురి మధ్య కూర్చుని, పక్కవారి గొంతుతో గొంతు కలిపినప్పుడు మాత్రమే తమలో కదిలే భావం చాలామందికి ఉంటుంది. అది ఏకాంతంలో రాదు. మీది అలాంటిదైతే అలాగే రాయండి, లోతు తక్కువని సంకోచించవద్దు.

ఎవరు చదువుతారు

రాతంతా పూర్తయ్యాక అసలు చిక్కు వస్తుంది. డార్విన్ 1876లో తన కుటుంబం కోసం ఆత్మకథ రాసుకున్నాడు. ఆయన మరణించాక, కొడుకు ఫ్రాన్సిస్ 1887లో దాన్ని ప్రచురించినప్పుడు, మతం గురించి ఘాటుగా ఉన్న భాగాలను తల్లి ఎమ్మా కోరిక మేరకు తొలగించాడు. మనవరాలు నోరా బార్లో 1958లో వాటిని తిరిగి చేర్చి ముద్రించేదాకా పాఠకులకు అవి అందలేదు. ఎమ్మాను ఇందుకు తప్పుపట్టడం సులభం. అయితే పెళ్లయిన కొత్తలో ఆమె భర్తకు ఒక ఉత్తరం రాసింది. రుజువయ్యేదాకా దేన్నీ నమ్మకూడదనే శాస్త్రజ్ఞుల అలవాటు మత విషయాల్లోనూ ఆయన్ని ఎక్కువగా ప్రభావితం చేస్తుందేమోనన్న దిగులు అందులో ఉంది. ఆ ఉత్తరాన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని, తన మరణానంతరం తెలియడానికి, డార్విన్ దాని మీద రాసి పెట్టాడు. నమ్మకాలు కలవని ఇద్దరు ఒక ఇంట్లో ఒకరినొకరు ఎలా భరించారో, ఎంత ప్రేమించారో ఆ ఉత్తరం, ఆ చిన్న వాక్యం చెప్పినంతగా ఆత్మకథలోని వాదన చెప్పదు. మీ ఇంట్లో భిన్నాభిప్రాయం ఉంటే, వాదంలో ఎవరు నెగ్గారన్నది కాక, వాదం తర్వాత కలిసి ఎలా బతికారన్నది రాయండి.

ఆచరణలో నేను సూచించేది రెండు ప్రతులు. ఒకటి సంపూర్ణమైనది, మీ దగ్గరే ఉండేది. రెండోది కుటుంబంలో చూపించదగినది. రెండో ప్రతిలోంచి తీసేసిన చోట్లను మొదటి ప్రతిలో గుర్తు పెట్టి, ఎందుకు తీశారో ఒక్క వాక్యం రాయండి. బతికివున్నవారి సందేహాలను, వారు రహస్యంగా చెప్పినవాటిని, వారి అనుమతి లేకుండా రెండో ప్రతిలో చేర్చవద్దు. మీ సొంత సందేహం మీది, దాన్ని చెప్పే హక్కు మీకుంది. మీ అక్క సందేహం ఆమెది. మతం వదిలినట్టు తెలిస్తే ఇంట్లో చోటు కోల్పోయే, దెబ్బలు తినే పరిస్థితి ఉన్నవారు మొదటి ప్రతిని ఇతరులకు అందుబాటులో లేని చోట ఉంచుకోవాలి. అసలు చూపించకుండా ఉండటం పిరికితనం కాదు.

పిల్లల కోసం రాస్తున్నవారికి ఒక మాట. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 14వ అధికరణం పిల్లలకు ఆలోచనా, అంతరాత్మ, మత స్వేచ్ఛ ఉందని చెబుతూనే, వారి ఎదుగుతున్న శక్తికి తగినట్టుగా మార్గదర్శనం చేసే హక్కునూ బాధ్యతనూ తల్లిదండ్రులకు గుర్తిస్తుంది. ఆ "ఎదుగుతున్న శక్తి" అన్న షరతు రాతకూ వర్తిస్తుందని నా అభిప్రాయం. పదేళ్లవారికి ఏం చేసేవాళ్లమో చెప్పే పేజీలు ఇవ్వవచ్చు, మీరు ఎందుకు దూరమయ్యారో లేదా ఎందుకు ఉండిపోయారో చెప్పే పేజీలు వాళ్లు అడిగినప్పుడు ఇవ్వవచ్చు. "నువ్వూ ఇలాగే ఉండాలి" అన్న వాక్యం ఏ ప్రతిలో కనిపించినా కొట్టేయండి.

చివరి సవరణలో "పవిత్రమైన", "గొప్ప", "మూఢ", "గుడ్డి" వంటి విశేషణాలన్నిటికీ గీత పెట్టి, వాటి స్థానంలో ఒక సంఘటన పెట్టగలరేమో చూడండి. సంఘటన దొరకని చోట ఆ వాక్యమే అక్కర్లేదు. తర్వాత మొదటి విడతలో రాసిన పనుల జాబితా తీసి, ఇప్పటికీ మీరు చేస్తున్నవాటికి ఒక గుర్తు, ఎవరూ చూడకపోయినా చేస్తారనుకునేవాటికి మరో గుర్తు పెట్టండి. రెండు గుర్తులూ ఉన్నవాటి గురించి ఒక్కొక్క పేరా అదనంగా రాయండి. మొదటి గుర్తు మాత్రమే ఉన్నవాటి గురించి, వాటిని ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషితో ఒకసారి మాట్లాడి, వచ్చిన జవాబును తేదీతో సహా కింద చేర్చండి.